ఇంటికి మొదటి పిస్టల్ కొనేముందు

ప్రశ్న: నమస్కారమండి. మేము డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాము. చాలా ఏళ్లు ఎదురుచూశాక కిందటి ఏడాది నాకూ మా ఆవిడకూ గ్రీన్‌కార్డు వచ్చింది. బాబుకు 7 ఏళ్లు, పాపకు 4 ఏళ్లు. మా వీధిలోనే ఒక తెలుగు కుటుంబం పెళ్లికి వెళ్లిన రోజున వాళ్లింట్లో దొంగలు పడి బంగారమంతా పట్టుకుపోయారు. అప్పటినుంచి ఇంట్లో ఒక పిస్టల్ ఉంటే మంచిదని ఇద్దరమూ అనుకుంటున్నాము. మేమిద్దరమూ ఇంతవరకు తుపాకీ ముట్టుకున్నవాళ్లం కాము. మా తోడల్లుడు .45 కొనమంటాడు, ఒక్క తూటాకే మనిషి పడిపోవాలంటాడు. ఆఫీసులో మిత్రుడు జేబులో పట్టే సిగ్ పీ365 చూపించాడు. దుకాణంలో అతను మా ఆవిడ చేతిలో చిన్న రివాల్వర్ పెట్టి, ఆడవాళ్లకు ఇదే తేలిక అన్నాడు. ఏది కొనమంటారు? వేసవిలో మా అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తున్నారు, డిసెంబరులో మేమంతా ఇండియా వెళుతున్నాము. ఈ రెండింటి విషయంలో ఏమైనా జాగ్రత్తలున్నాయా? హెచ్-1బి మీద ఉన్న మిత్రుడొకడు తనకూ ఒకటి కొనిపెట్టమని అడుగుతున్నాడు.

— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మీకు చెప్పిన మూడింటిలో ఏదీ మీ ఇంటికి మొదటి తుపాకీగా తగినది కాదని నా అభిప్రాయం. 9 ఎం.ఎం. తూటాలు వాడే మధ్యరకం సెమీ ఆటోమేటిక్ పిస్టల్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా కాల్చి, తరువాతిదాన్ని తనే ఎక్కించుకునేది) మీకు సరిపోతుంది. గ్లాక్ 19, స్మిత్ అండ్ వెసన్ వారి ఎం అండ్ పీ 9 ఎం2.0 కాంపాక్ట్ అలాంటివి. ఆ రకంలో ఏ కంపెనీది కొనాలన్నది మాత్రం నేనూ చెప్పకూడదు, మీ తోడల్లుడూ చెప్పకూడదు. మీ ఇద్దరిలో ఎవరి చేయి చిన్నదో ఆ చేతికి ఏది కుదిరితే అదే కొనాలి. ఎందుకో వివరంగా చెబుతాను. అంతకన్నా ముందు, మీరు ఈ తుపాకీని ఏ పనికి కొంటున్నారో తేల్చుకోవాలి.

మీ పొరుగింట్లో దొంగతనం జరిగింది ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లినప్పుడు. ఆ దొంగతనాన్ని ఏ పిస్టలూ ఆపగలిగేది కాదు. బీరువాలో ఒకటి ఉండి ఉంటే నగలతోపాటు అదీ దొంగల చేతికి పోయేది. ఇళ్లలో దొంగతనాలు ఎక్కువగా ఎవరూ లేని సమయంలోనే జరుగుతాయి కనుక, పండుగకూ పెళ్లికీ తప్ప వాడని బంగారాన్ని బ్యాంకు లాకరులో పెట్టడం, వీధి తలుపు గొళ్లెం దిగే చట్రం దగ్గరున్న అంగుళం స్క్రూలు తీసేసి లోపలి కర్రదాకా దిగే 3 అంగుళాల స్క్రూలు బిగించడం, అలారం పెట్టించుకోవడం, ఈ మూడూ పిస్టల్ కన్నా ముందు జరగవలసిన పనులు. అయితే మీ భయం ఉత్తినే పుట్టింది అనను. 2011, 2014 సంవత్సరాల మధ్య టెక్సస్, మిషిగన్ సహా పలు రాష్ట్రాల్లో భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్లను ఏరికోరి ఎంచుకుని, మనుషులు ఉండగానే లోపలికి చొరబడి దోచుకున్న ముఠా ఒకటి పట్టుబడింది. దాని నాయకురాలికి ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలుశిక్ష విధించింది. మీకు పిస్టల్ అక్కరకు వస్తే అలాంటి పరిస్థితిలోనే రావాలి: రాత్రివేళ, మీరందరూ ఇంట్లో ఉండగా, తలుపు బద్దలుకొట్టి ఎవరో లోపలికి వచ్చినప్పుడు. అంటే మీరు కొంటున్నది ఇంట్లో ఉండవలసిన తుపాకీ, నడుముకు పెట్టుకుని తిరగవలసినది కాదు. ఇది గుర్తుంచుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి.

కొనడానికి ముందే మరొక మాట చెప్పక తప్పదు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 2020 నుంచి, 1-19 ఏళ్ల వయసు పిల్లల మరణాలకు మొదటి కారణం తుపాకీయే. మీ ఇంట్లో ఎవరైనా తీవ్రమైన మనోవేదనలో ఉన్నా, ఉద్యోగం పోయి కుంగిపోయి ఉన్నా, ఆలుమగల మధ్య గొడవలు చేయిచేసుకునేదాకా వెళుతున్నా, దయచేసి ఈ కొనుగోలును వాయిదా వేయండి. మీ ఇంట్లో అలాంటిదేమీ లేదనే అనుకుంటున్నాను. ఈ ప్రశ్న మీరు నాకు కాదు, ఒకరికొకరు వేసుకుని నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి.

ఇక మీకు వచ్చిన సలహాల సంగతి. మీ తోడల్లుడి మాట చాలామంది పెద్దల నోట వినేదే. .45 తూటా, అంటే 0.45 అంగుళం (సుమారు 11.4 ఎం.ఎం.) వెడల్పున్నది, పెద్దది, బరువైనది. 1911లో అమెరికన్ సైన్యం తీసుకున్న పిస్టల్ దానితోనే పేరు పొందింది. కాని చేతి తుపాకీ తూటా ఏదైనా సరే, మనిషి ఆగడం ఆగకపోవడం అది ఎక్కడ తగిలిందన్న దానిమీదే ప్రధానంగా ఆధారపడి ఉంటుంది. పెద్ద తూటా భుజానికి తగిలినదానికన్నా చిన్న తూటా ఛాతీకి తగలడమే పనిచేస్తుంది. ఎఫ్.బి.ఐ. వారు 1986లో మయామీలో జరిగిన కాల్పుల తరువాత పెద్ద తూటాల వైపు వెళ్లి, కొన్నేళ్లు 10 ఎం.ఎం., ఆ తరువాత చాలాకాలం .40 వాడారు. 2014లో వారి శిక్షణ విభాగమే మళ్లీ 9 ఎం.ఎం.కు రావడం మంచిదని కారణాలతో సహా చెప్పింది. కొత్తరకం 9 ఎం.ఎం. తూటాలు శరీరంలోకి పెద్దవాటితో సమానంగానే దిగుతున్నాయి, వెనక్కి తన్నడం తక్కువ కనుక ఏజెంట్లు త్వరగానూ గురి తప్పకుండానూ కాల్చగలుగుతున్నారు, మ్యాగజైన్‌లో (తూటాలు నింపి పిడిలోకి తోసే డబ్బాలో) ఎక్కువ తూటాలు పడుతున్నాయి. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన ఏజెంట్లకే ఈ తేడా కనబడినప్పుడు, ఇంకా ఒక్క తూటా కూడా కాల్చని మీ ఇద్దరికీ అది ఇంకా ఎక్కువగా కనబడుతుంది. పైగా సంప్రదాయ 1911 పిస్టల్ ఖాళీగానే కిలో దాటుతుంది, అందులో పట్టేవి 7 తూటాలు, ఛాంబర్‌లో (కాల్చడానికి సిద్ధంగా తూటా కూర్చునే గొట్టం మొదలులో) మరొకటి. సాధనకు వాడే మామూలు 9 ఎం.ఎం. తూటాలు 50 ఉన్న పెట్టె 15 డాలర్లకు అటూఇటూగా దొరుకుతుంటే, .45 పెట్టె అంతకన్నా బాగా ఎక్కువ పలుకుతుంది. ఖరీదైన తూటాలతో సాధన తగ్గిపోతుంది, సాధన తగ్గితే గురి తప్పుతుంది. ఆయన మాట వెనకున్న అభిమానాన్ని కాదనను, ఆ లెక్క మాత్రం మీ ఇంటికి సరిపోదు.

మీ ఆఫీసు మిత్రుడు చూపించిన సిగ్ పీ365 చాలా మంచి పిస్టలే. 2018లో వచ్చినప్పుడు అంత చిన్నదానిలో 10 తూటాలు పట్టించడం ఆ రంగంలో పెద్ద సంగతి అయింది. అయితే దాన్ని చొక్కా కింద దాచుకుని తిరిగేవారికోసం తయారు చేశారు. ఖాళీగా అరకిలో బరువుండే పిస్టల్‌లోనుంచి, పెద్ద పిస్టల్‌లో వాడే అదే 9 ఎం.ఎం. తూటా వెలువడినప్పుడు, ఆ తన్నును మోయడానికి లోహం తక్కువ కనుక అదంతా చేతికే తగులుతుంది. చిటికెన వేలు పిడి మీద నిలవక కిందికి జారిపోతుంది. కొత్తవారు నాలుగైదు సార్లు కాల్చేసరికి, ట్రిగ్గర్ నొక్కకముందే తన్ను వస్తుందని భయపడి పిస్టల్ మూతిని కిందికి వంచడం మొదలుపెడతారు. ఆ అలవాటు ఒకసారి పడితే మానుకోవడానికి నెలలు పడుతుంది. చిన్న తుపాకీ చిన్నది కనుక తేలిక అనుకోవడం సహజమే, కాని కాల్చడంలో మాత్రం చిన్నదే కష్టం. మీకు మూడు నాలుగేళ్ల అనుభవం వచ్చాక, దగ్గర పెట్టుకుని తిరగాలన్న ఆలోచన వస్తే అప్పుడు చూడవచ్చు.

దుకాణంలో అతను మీ ఆవిడ చేతిలో పెట్టిన రివాల్వర్ మీద నాకు ఇంకా ఎక్కువ అభ్యంతరం ఉంది. స్మిత్ అండ్ వెసన్ 642 వంటి చిన్న రివాల్వర్లలో 5 తూటాలే పడతాయి, వాటి బరువు అరకిలోకు తక్కువ, గొట్టం రెండు అంగుళాల లోపు, గురి చూసే గాడి ఉందా లేదా అన్నంత చిన్నది. ట్రిగ్గర్ ప్రతిసారీ బలంగా, దూరంగా లాగవలసి ఉంటుంది. అలా లాగుతున్నంతసేపూ రివాల్వర్ మూతి కదలకుండా పట్టుకోవడం ఏళ్ల అనుభవం ఉన్నవారికే అలవడే పని. లాగడానికి స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే లోహపు భాగం) లేకపోవడం, తూటా ఇరుక్కునే బాధ తక్కువ కావడం దాని మంచి గుణాలే. కాని ఆడవాళ్లకు రివాల్వర్ అన్న మాట అమెరికన్ దుకాణాల్లో తరతరాలుగా వస్తున్న ఒక అలవాటు, అంతకుమించి దానికి ఆధారం లేదు. ఆవిడ ముందు కాల్చి చూడకుండా ఆవిడకు ఏది తేలికో ఆవిడకే చెప్పిన మనిషి దగ్గర కొనకపోయినా నష్టం లేదు.

కనుక ఇద్దరూ కలిసి, పిల్లలను ఎవరి దగ్గరైనా వదిలి, పిస్టళ్లు అద్దెకిచ్చే షూటింగ్ రేంజికి వెళ్లండి. డాలస్ చుట్టుపక్కల అలాంటివి చాలా ఉన్నాయి. మొదటిసారి తప్పనిసరిగా శిక్షకుడిని పెట్టుకోండి. ఒకేరోజు ఐదారు రకాలు కాల్చాలని ఆశపడవద్దు. రెండు మూడు చాలు, చేయి అలసిపోయాక ఏ పిస్టలూ బాగున్నట్టు అనిపించదు. చేతికి కుదిరిందో లేదో చూడడానికి ఒక పద్ధతి ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న సందు పిస్టల్ పిడి పైభాగానికి మధ్యలో ఆనేలా పట్టుకుంటే, గొట్టమూ ముంజేతి ఎముకా ఒకే గీతలోకి రావాలి. ఆ స్థితిలో చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. వేలి కొస మాత్రమే అందుతూ, అందుకోవడానికి చేతిని పక్కకు తిప్పవలసి వస్తే ఆ పిస్టల్ పెద్దదైనట్టు. ఎం అండ్ పీ ఎం2.0తోపాటు పిడి వెనకభాగానికి తగిలించే నాలుగు సైజుల ముక్కలు వస్తాయి. గ్లాక్‌లో పిడి లావు పెంచుకోవడానికే ముక్కలుంటాయి కనుక, దాని అసలు పిడే పెద్దదనిపిస్తే మరో దాన్ని చూడడం మేలు.

చాలామంది స్త్రీలు సెమీ ఆటోమేటిక్ వద్దనుకోవడానికి కారణం స్లయిడ్ వెనక్కి రాకపోవడం. దుకాణంలో కౌంటర్ మీదికి చేతులు చాచి, పిస్టల్‌ను దూరంగా పట్టుకుని, రెండు వేళ్లతో స్లయిడ్‌ను గిల్లినట్టు లాగుతారు; రాదు. రాక, నావల్ల కాదంటారు. పిస్టల్‌ను ఛాతీకి దగ్గరగా తెచ్చుకుని, మూతి ఎదురుగా సురక్షితమైన దిక్కుకే ఉంచి, ఎడమ అరచేతిని స్లయిడ్ వెనకభాగం మీద బోర్లించి నాలుగు వేళ్లతో గట్టిగా పట్టి, ఆ చేతిని కదల్చకుండా కుడిచేత్తో పిస్టల్‌నే ముందుకు తోయమనండి. లాగే బలానికన్నా తోసే బలం ఎక్కువ కనుక ఇంతకుముందు రానన్న స్లయిడ్ ఎక్కువమందికి ఇట్టే కదులుతుంది. అప్పటికీ కష్టమైతే, మణికట్టు నొప్పి వంటివి ఉంటే, స్మిత్ అండ్ వెసన్ వారు అలాంటివారి కోసమే చేసిన షీల్డ్ ఈజెడ్ ఉంది. దాని 9 ఎం.ఎం. రకం 2020లో వచ్చింది, మ్యాగజైన్‌లో 8 తూటాలు పడతాయి. ఇద్దరికీ కలిపి ఒకటే కొంటున్నారు కనుక, ఆవిడకు వీలయ్యేదే మీకూ వీలవుతుంది. మీకు వీలయ్యేది ఆవిడకు వీలవుతుందన్న భరోసా లేదు.

మొదటి రోజే నేర్చుకోవలసింది కాల్చడం కన్నా ఖాళీ చేయడం. సెమీ ఆటోమేటిక్‌లో మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు, ఛాంబర్‌లో ఒక తూటా ఉండిపోవచ్చు. అందుకే ముందు మ్యాగజైన్ తీయాలి, తరువాత స్లయిడ్ లాగాలి. కొందరు వరస తప్పి ముందు స్లయిడ్ లాగుతారు. ఒక తూటా బయటపడుతుంది, ఖాళీ అయిందనుకుంటారు. కాని స్లయిడ్ ముందుకు వెళ్లేటప్పుడు మ్యాగజైన్‌లోని తరువాతి తూటాను ఛాంబర్‌లోకి తోసేసి ఉంటుంది. ఆ తరువాత మ్యాగజైన్ తీసి పక్కన పెట్టి, నిండిన తుపాకీని ఖాళీదనుకుని చేత పట్టుకుంటారు. గ్లాక్‌ను శుభ్రం చేయడానికి విడదీయాలంటే ట్రిగ్గర్ నొక్కాలి కనుక, ఈ పొరపాటు అక్కడ నేరుగా ప్రమాదంగా మారుతుంది. ఎం అండ్ పీలో ట్రిగ్గర్ నొక్కకుండానే విడదీసే చిన్న మీట ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క తేడా నా మొగ్గును ఎం అండ్ పీ వైపు తిప్పుతుంది, తక్కిన విషయాల్లో రెండూ ఒక్కటే. ఏ పిస్టలైనా సరే, మ్యాగజైన్ తీశాక స్లయిడ్‌ను వెనక్కి లాగి నిలిపి, ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెనవేలు పెట్టి తడమండి. మీ ఆవిడ చూసి ఇచ్చినా మీరు మళ్లీ చూడండి, ఇందులో అపనమ్మకమేమీ లేదు. ప్రతి తుపాకీనీ నిండినదిగానే భావించడం, మూతిని ధ్వంసం కాకూడని దేనివైపూ తిప్పకపోవడం, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వకపోవడం, లక్ష్యమేమిటో దాని వెనకేముందో తెలుసుకుని కాల్చడం అన్న నాలుగు నియమాలు శిక్షకుడు ఎలాగూ చెబుతాడు.

ఆ నాలుగో నియమం మీ ఇంట్లో ఎలా ఉంటుందో చూద్దాం. మన ఊళ్లో ఇంటి గోడ ఇటుక, సిమెంటు. ఇక్కడి లోపలి గోడ రెండువైపులా అర అంగుళం జిప్సం పలక, మధ్యలో కర్ర చట్రం, అంతే. తగిలితే శరీరంలో విచ్చుకునే హాలో పాయింట్ తూటాలు కూడా అలాంటి గోడలను ఒకటికి రెండు దాటిపోగలవు. ఫ్రిస్కో వైపు రెండంతస్తుల ఇళ్లలో చాలావాటికి మాస్టర్ బెడ్‌రూమ్ కింద, పిల్లల గదులు పైన ఉంటాయి. గది తలుపు వేసుకుని, మంచం వెనక నక్కి, 911కు ఫోన్ చేసి, లోపలికి ఎవరైనా వస్తే తప్ప కాల్చవద్దని సాధారణంగా చెప్పే సలహా మంచిదే, కాని పిల్లలు పైన ఉన్న తండ్రి అలా కూర్చోలేడు. కనుక పిస్టల్ కొనకముందే ఒక రాత్రి లైట్లు ఆర్పి, వట్టి చేతులతో, మీ గది నుంచి మెట్లదాకా నడిచి చూడండి. ఎక్కడినుంచి ఏ దిక్కుకు కాలిస్తే తూటా పాప గదికి పోతుందో, ఏ దిక్కు పొరుగింటి వైపో ఇద్దరూ కలిసి చూసి పెట్టుకోండి. పడక పక్కన మంచి టార్చిలైటు పెట్టుకోండి. పిస్టల్‌కు బిగించే లైటు కొనమని దుకాణంలో చెబుతారు. దానితో మనిషిని గుర్తుపట్టాలంటే ముందు ఆ మనిషి మీదికి తుపాకీ తిప్పాలి. అర్ధరాత్రి మంచినీళ్లకు లేచింది మీ నాన్నగారై ఉండవచ్చు.

హాలో పాయింట్ తూటాలు ఇంట్లో ఉంచడానికి, మామూలు తూటాలు రేంజిలో వాడడానికి కొనుక్కోండి. ఇంట్లో ఉంచదలచిన రకాన్ని కూడా ఒకటి రెండు పెట్టెలు ముందుగా ఆ పిస్టల్‌లోనే కాల్చి, ఇరుక్కోకుండా నడుస్తోందని చూసుకోవాలి. రేంజి నుంచి రాగానే పిల్లలను ఎత్తుకోకముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోండి. సీసపు ధూళి బట్టలకూ అంటుకుంటుంది.

తాళం గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇంట్లో 7 ఏళ్ల బాబు ఉన్నాడు. అల్మరా పైన, బట్టల మడతల కింద, పూజగదిలో దాచడం దాచడం కాదు. మీరు దాచిన దీపావళి మిఠాయి వాడు ఎలా కనిపెట్టాడో గుర్తు చేసుకోండి. టెక్సస్ చట్టం ప్రకారం 17 ఏళ్లలోపు పిల్లలకు నిండిన తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా ఉంచడం నేరం, దానివల్ల ఎవరైనా చనిపోయినా తీవ్రంగా గాయపడినా శిక్ష ఇంకా పెద్దది. పిస్టల్ మాత్రమే పట్టే చిన్న ఉక్కు పెట్టె ఒకటి కొని మంచం చట్రానికో, గోడలోని కర్రకో బోల్టులతో బిగించండి. దానికి ఐదారు మీటలను వరస ప్రకారం నొక్కితే తెరుచుకునే, బ్యాటరీ అక్కరలేని తాళం ఉంటే మేలు. చీకట్లో వేళ్లతో తడిమి తెరవవచ్చు, బ్యాటరీ అయిపోతుందన్న బెంగ లేదు. వేలిముద్రతో తెరుచుకునేవి చూడడానికి ముచ్చటగా ఉంటాయి. అయితే 2023 అక్టోబరులో అలాంటి సేఫులను సుమారు 61 వేలు వెనక్కి పిలిపించారు. యజమాని వేలిముద్ర నమోదు అయిందనుకున్నా నిజానికి కాకపోతే, అవి ఎవరి వేలికైనా తెరుచుకునేవి. అలాంటి సేఫులోంచి తీసిన తుపాకీతో 12 ఏళ్ల బాలుడొకడు చనిపోయాడంటూ దావా కూడా నడిచింది. పిస్టల్ ఇంటికి వచ్చే రోజుకే ఈ పెట్టె బిగించి ఉండాలి. పిస్టల్‌కు 500, 600 డాలర్లు అనుకుంటే, పెట్టెకూ శిక్షణకూ చెవుల రక్షణకూ తూటాలకూ కలిపి మరో అంత పక్కన పెట్టుకోండి. అది భారమనిపిస్తే పిస్టల్ మూడు నెలలు ఆగవచ్చు.

పిల్లలకు దాచిపెట్టడం కన్నా చెప్పడం మంచిదని నా అనుభవం. ఎక్కడైనా, ఎవరి ఇంట్లోనైనా తుపాకీ కనబడితే ముట్టుకోకుండా అక్కడినుంచి వెళ్లిపోయి పెద్దవాళ్లకు చెప్పాలని బాబుకు నేర్పండి. అయితే ఆ పాఠం మీద ఆధారపడి పెట్టెకు తాళం వేయడం మానేయకూడదు.

ఇక కొనుగోలు. ఫెడరల్ చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు ఉన్నవారు పౌరుల మాదిరిగానే కొనవచ్చు. లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర చేతి తుపాకీ కొనడానికి 21 ఏళ్లు నిండాలి, సొంత రాష్ట్రంలోనే తీసుకోవాలి. ప్రస్తుత చిరునామా ఉన్న డ్రైవింగ్ లైసెన్సుతోపాటు గ్రీన్‌కార్డు కూడా పట్టుకెళ్లండి, తుపాకీ కొనేవారు నింపవలసిన ఫెడరల్ ఫారం 4473లో ఆ నంబరు రాయాలి. ఫారం నింపాక డీలర్ ఎఫ్.బి.ఐ. వారి తనిఖీ వ్యవస్థలో మీ వివరాలు చూస్తాడు. టెక్సస్‌లో కొనడానికి పర్మిట్ లేదు, నిరీక్షణ గడువు లేదు, తనిఖీ సాఫీగా జరిగితే అదే పూట ఇంటికి తెచ్చుకోవచ్చు. ఫారంలో ప్రతి ప్రశ్నా చదివి రాయండి. గంజాయి కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టంలో కాదని ఆ ఫారమే హెచ్చరిస్తుంది. తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవారిని కూడా దేశం నుంచి పంపివేయవచ్చు. ఒక పౌరుడికి జరిమానాతో పోయే తప్పు మీకు ఇన్నేళ్ల నిరీక్షణనూ తుడిచిపెట్టవచ్చు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అర్హులైనవారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చన్న మాట విని కారులో వేసుకుని తిరగడం మొదలుపెట్టకండి. రాష్ట్ర లైసెన్సు లేనివారికి బడులకు 1,000 అడుగుల లోపల ఫెడరల్ నిషేధం వేరే ఉంది, మీ ఊళ్లో బడి లేని వీధి వెతుక్కోవాలి. తిరగకపోయినా ఆ లైసెన్సు తరగతికి ఇద్దరూ వెళ్లండి. ఎప్పుడు కాల్చడానికి చట్టం ఒప్పుకుంటుందో అక్కడ చెబుతారు. ఆస్తి విషయంలో టెక్సస్ చట్టం మిగతా రాష్ట్రాలకన్నా ఉదారమైనదే. అయినా నగల మూట పట్టుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాల్చడానికి ఈ పిస్టల్ కొనడం లేదని ఇద్దరూ ముందే ఒక మాట అనుకోండి.

హెచ్-1బి మిత్రుడి సంగతి: కొనిపెట్టవద్దు. అసలు కొనుగోలుదారు మీరేనా అని ఫారం 4473 అడుగుతుంది. మరొకరి కోసం కొంటూ అవునని రాస్తే అది అబద్ధపు వాంగ్మూలం. 2022లో వచ్చిన చట్టం ఇలా ఇంకొకరి తరఫున కొనడానికి 15 ఏళ్లదాకా శిక్ష పెట్టింది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండడమే నిషేధం. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి వంటి కొన్ని మినహాయింపులున్నాయి. మీ మిత్రుడికి అలాంటి లైసెన్సు ఉంటే తన పేరు మీద తనే కొనుక్కోవచ్చు. లేకపోతే మీతో రేంజికి వచ్చి రెండు తూటాలు కాల్చడం కూడా ఆయనకు నేరమే. సరదాగా తీసుకున్న ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి వీసా అధికారుల దాకా వెళ్లకూడదని ఏమీ లేదు.

మీ అమ్మానాన్నలకూ ఇదే వర్తిస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన వారు ఇంట్లో ఉండవచ్చు, తుపాకీ వారి అధీనంలో ఉండకూడదు. మీరిద్దరూ ఆఫీసుకు వెళుతూ, ఎందుకైనా మంచిదని పెట్టె నంబరు నాన్నగారికి చెప్పి వెళితే, చట్టం దృష్టిలో దాన్ని ఆయన చేతికి ఇచ్చినట్టుగానే లెక్కించే వీలుంది. తప్పు ఇచ్చిన మీదీ అవుతుంది, తీసుకున్న ఆయనదీ అవుతుంది. ఆయనకు ఆ నంబరు తెలియనక్కరలేదు. పెద్దవారు నొచ్చుకుంటారేమో అన్న మొహమాటం ఈ ఒక్క చోట వద్దు, వచ్చిన మొదటి రోజే కారణం చెప్పేస్తే ఆయనే అర్థం చేసుకుంటారు.

డిసెంబరు ప్రయాణానికి రెండు పనులు. పిస్టల్ ఇంటి పెట్టెలో బోల్టులతో బిగించి ఉన్నా, నెలరోజులు ఇల్లు ఖాళీగా ఉంటుందనుకుంటే టెక్సస్‌లోనే ఉండే, కొనడానికి అర్హత ఉన్న నమ్మకమైన మిత్రుడి దగ్గర ఉంచవచ్చు. కొన్ని రేంజీలు, డీలర్లు రుసుము తీసుకుని భద్రపరుస్తారు. రెండోది సంచి. రేంజికి తీసుకెళ్లే సంచి వేరుగా ఉండాలి, అది ఎప్పటికీ ప్రయాణపు సంచి కాకూడదు. లాప్‌టాప్ బ్యాగు అడుగున, పక్క జేబు కుట్టులో మరిచిపోయిన ఒక్క తూటాతో భారత విమానాశ్రయాల్లో పట్టుబడిన ప్రవాసులు ఉన్నారు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా కేసే. తెలియక ఉండిపోయిందని తేలిన కేసుల్ని కోర్టులు కొట్టేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కాని ఆ తీర్పు వచ్చేలోగా విమానం వెళ్లిపోతుంది, సెలవు అయిపోతుంది, పోలీస్ స్టేషనుకూ కోర్టుకూ తిరగవలసి వస్తుంది. పెట్టెలు సర్దేముందు ప్రతి సంచినీ జేబులతో సహా బోర్లించి దులపండి, పిల్లల బడి సంచులతో సహా.